తోడు గంపకు అడ్డం నిలబడ్డ మనిషి

డాక్టర్ సాబ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను మా కోడలి కోళ్ల షెడ్డు ముందు నిలబడి ఉన్నాను. పాత బ్యాచ్ కోళ్లు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. కొత్త కోడిపిల్లలు దిగడానికి ఇంకా వారం ఉంది. కోడలు ముక్కుకు కొంగు కట్టుకుని, గ్యాస్ సిలిండరుకు బిగించిన మంట గొట్టంతో, క్రిములు చచ్చేలా ఖాళీ షెడ్డు నేలను కాలుస్తోంది. ఆ మంట హోరులో ఫోన్ మోగడం నాకు వినబడలేదు. ఆమే మంట ఆపి, ఫోన్ ఎత్తి, విని, గొట్టం పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"మామా, డాక్టర్ సారు పోయిండంట. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంట పక్కకు ఒరిగిండంట" అంది.

ఇలాంటి చోట కళ్లు చెమర్చాయని రాయడం మర్యాద. జీవితమంతా తొర్రూరు లైబ్రరీలో పుస్తకాల మధ్య కూర్చున్నవాణ్ణి, స్మృతి వ్యాసాలు బస్తాలకొద్దీ చదివాను. వాటిలో పోయినవాళ్లంతా మహానుభావులు, రాసినవాళ్లంతా వాళ్ల ప్రాణమిత్రులు. నేను నిజమే రాస్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. కోడలికీ అదే భయం. ముక్కు మీది నుంచి జారిన కొంగు సర్దుకోకుండానే అడిగింది.

"ఇగ చిల్పూరు మామకు ఏమని చెప్పాలె?"

చిల్పూరు మామ అంటే ఆమె మేనమామ. ఆయన గురించి చెప్పకుండా డాక్టర్ సాబ్ గురించి చెప్పలేను. ఈ వ్యాసం ఆయన చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

మా వైపు బ్రాయిలర్ కోళ్లు పెంచే ఇళ్లలో ఒక అలవాటు ఉంది. షెడ్డులో కొత్త పిల్లలు దిగే రోజున, 'చెయ్యి మంచిది' అని పేరున్న రైతు తన షెడ్డులో కోళ్ల కింద పరిచిన పాత ఊక ఒక గంపెడు తెస్తాడు. గంపకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెడతారు. ఆ ఊకను నాలుగు మూలలా చల్లి, మిగిలింది కొత్త ఊకలో కలుపుతారు. పాలకు తోడు వేసినట్టే. అందుకే దాన్ని తోడు గంప అంటారు. బాగా పండిన షెడ్డు అదృష్టం కొత్త షెడ్డుకు అంటుకుంటుందని నమ్మకం. అదృష్టం సంగతి నాకు తెలియదు. అంటుకునేది మాత్రం ఒకటుంది. పాత ఊకలో పాత కోళ్ల రెట్ట ఉంటుంది. ఆ రెట్టలో కంటికి కనబడని పరాన్నజీవుల గుడ్లు నెలల తరబడి కాచుకుని కూర్చుంటాయి. అది మాకు చెప్పింది డాక్టర్ సాబ్. చెప్పినందుకు మా మూడు జిల్లాల్లోనూ తిట్లు తిన్నదీ ఆయనే.

తోడు గంపను వద్దనడం మాటలు కాదు. వద్దంటే తెచ్చినవాడి చెయ్యి మంచిది కాదని పదిమందిలో అన్నట్టే. చిల్పూరు మామ చెయ్యికి జనగామ నుంచి నర్సింహులపేట దాకా పేరు.

*

డాక్టర్ సాబ్ పశువుల డాక్టరు. బదిలీల మీద చాలా చోట్ల తిరిగి, చివరికి తొర్రూరులో ఇల్లు కట్టుకుని నిలిచారు. మా పరిచయం లైబ్రరీలో అయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మా పాత సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చోవడానికి వచ్చేవారు. మొదటిరోజే నా బల్ల ముందు నిలబడి, "సారూ, మీ దగ్గర పేగుల మీద ఏమన్న పుస్తకం ఉన్నదా?" అని అడిగారు. భక్తి పుస్తకాలకూ పోటీ పరీక్షల పుస్తకాలకూ తప్ప మా లైబ్రరీకి ఎవరూ వచ్చేవారు కాదు. పేగుల పుస్తకం అడిగిన మనిషిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పుస్తకం లేదు. కానీ ఆయన ఆ రోజు నుంచి రావడం మానలేదు.

వాళ్ల ఇంటి వరండాలో గోడ వారగా చాయ్ గ్లాసులు వరుసగా ఉండేవి. వాటిలో చిక్కటి ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో కలిపిన కోడి రెట్ట. ఉప్పునీళ్లలో పరాన్నజీవుల గుడ్లు పైకి తేలతాయట. గ్లాసు అంచుకు తాకేలా ఒక చిన్న గాజు పలక బోర్లించి, కాసేపాగి దాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ, అంటే ఆయన భార్య, నాకు చాయ్ తెచ్చి ఇస్తూ నవ్వింది.

"భయపడకుండ్రి సారూ, ఇది వంటింట్ల గిలాస. వరండల గిలాసలకు ఎర్ర దారం కట్టిన. ఒకనాడు మా తమ్మునికి చాయ్ వాటిల్నే పోసిచ్చిండు ఈయన."

"కడిగే ఇచ్చిన" అన్నారు డాక్టర్ సాబ్ సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండా.

"కడిగిండంట! ఇంట్ల ఉప్పు నిలువది సారూ. కూరల కన్న రెట్టలకే ఎక్కువ పోతది."

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఏ షెడ్డుకు వెళ్లినా ముందు వంగి గుప్పెడు ఊక తీసి పిడికిట్లో బిగించి వదిలేవారు. ఊక పొడిపొడిగా రాలితే ముఖం విచ్చుకునేది. ముద్ద కడితే ఎక్కడ కారుతోందో చూడ్డానికి నీళ్ల గొట్టాల వైపు నడిచేవారు. "తడి లేకుంటె ఆ గుడ్లకు బలం రాదు సారూ. మందు తర్వాత, ముందు పొడిగ ఉంచుకుంటె చాలు" అనేవారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే పెళ్లి భోజనంలో పులిహోర వడ్డించినా చేతిలో ఒకసారి బిగించి చూసేవారు.

*

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ఆయన ఒక పని మొదలుపెట్టారు. అమ్మకానికి పెంచే ఈ బ్రాయిలర్ కోళ్ల కడుపులో ఏ పరాన్నజీవులు ఎంతగా ఉన్నాయో చూడాలని. ఆయన్ను ఎవరూ అడగలేదు. పై ఆఫీసును అనుమతి అడిగితే, మీ ఖర్చుతో చేసుకోండి అన్నారు. ఇంత గొప్ప ప్రోత్సాహం దొరికాక ఆయన ఆగుతారా! ఆదివారం వచ్చిందంటే చికెన్ దుకాణాలు తిరిగేవారు. లైబ్రరీకీ సెలవే కాబట్టి నేనూ వెంట వెళ్లేవాణ్ణి. జనగామ, మహబూబాబాద్, అక్కడి నుంచి భూపాలపల్లి. భూపాలపల్లిలో మా అబ్బాయి బొగ్గుబావిలో పని చేస్తాడు. ఆ వంకతో నాకు కొడుకునూ చూసినట్టయ్యేది.

అక్కడి ఒక దుకాణదారు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"కార్జం అడుగుతరు, కందనకాయలు అడుగుతరు. పేగులడిగినోళ్లను మిమ్ములనే చూస్తున్న. ఎవరు పంపిండ్రు? గా మూలమీద దుకాణపోడేనా?"

"ఎవ్వరు పంపలే. నేను పశువుల డాక్టర్ని. కోడికి లోపల ఏమన్న ఉన్నదా అని చూస్త."

"ఉంటె?"

"ఉంటె పెంచినాయనకు చెప్త. నీ బ్యారం జోలికి రాను. ఏ ఊరి షెడ్డు నుంచి దించుకున్నవో అది చెప్పు, చాలు."

దుకాణదారు కత్తి ఆడిస్తూ ఆలోచించి, "అయితె తీస్కపో సారూ. కుక్కలకు పడేసుడే గద" అన్నాడు. తిరుగు బస్సులో ఆయన ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా. పక్క సీటులోని ముసలమ్మ చాలాసేపు డబ్బానే చూసి చివరికి అడిగింది, "ఏం కూర కొడుకా?"

"పేగుల కూర అవ్వా. మసాల ఇంక పడలే" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ డబ్బా మూత ఊడితే బస్సులోంచి మమ్మల్ని ఎక్కడ దింపేస్తారోనని నా గుండె తొర్రూరు దాకా కొట్టుకుంటూనే ఉంది.

ఆయన చూసిందేమిటో చెబుతాను. ఏలిక పాములు, బద్దె పురుగుల్లాంటి కంటికి కనిపించే పురుగులు ఈ కోళ్లలో తక్కువ. నెలన్నర లోపే కోతకు వెళ్లే కోడిలో పురుగు పెరగడానికి సమయం చాలదు. ఆ తక్కువైనా దొరికింది పాత ఊక మార్చని షెడ్లలో, ఊకలో నల్ల పురుగులు పారాడే చోట్ల, నాటుకోళ్లు లోపలికి వచ్చిపోయే చోట్ల. కంటికి కనబడని కాక్సీడియా అనే పరాన్నజీవి అలా కాదు. మేము తిరిగిన ప్రతి వైపూ ఉంది. అది పేగు గోడను తొలిచి నెత్తురు పారిస్తుంది. మనిషికి అంటదు, తినేవాడికి దానితో భయం లేదు. భయమంతా పెంచేవాడికి. ఎన్నింటిలో ఎన్నిటికి ఉందో ఆయన లెక్క కట్టారు. ఆ అంకె ఇక్కడ రాయను. అది ఒకసారి అచ్చయింది, ఏం జరిగిందో నేను చూశాను.

ఆయన తన లెక్కలన్నీ పై ఆఫీసుకు పంపారు. అక్కడ అవి ఏ బీరువా అడుగుకు చేరాయో ఈనాటికీ తెలియదు. కానీ ఆ ఆఫీసులోనే ఎవరి నోటి నుంచో ఒక విలేకరి చెవిన ఆ ఒక్క అంకె పడింది. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో, కోడి కూర నిండా పురుగులు అని. డాక్టర్ సాబ్ చెప్పిన దాంట్లో కూరా లేదు, పురుగుల నిండుతనమూ లేదు. ఖండన పంపితే వేయలేదు. ఆ విలేకరి ఇప్పుడు జిల్లాలో పేరున్న మనిషి. డాక్టర్ సాబ్ పోయాక ఆయన గురించి ఒక చిన్న వార్త రాశాడు, అందులో ఆయన ఊరి పేరు కూడా తప్పు.

వారాల తరబడి చికెన్ దుకాణాల ముందు ఈగలే. ఆ కోపంలో ఒక పొద్దున ట్రాక్టరు ఒకటి వచ్చి డాక్టర్ సాబ్ గేటు ముందు చచ్చిన కోళ్లను కుమ్మరించింది. ట్రాక్టరు ముందు నిలబడ్డది కోళ్ల రైతుల సంఘం అధ్యక్షుడు. చిల్పూరు మామ. మా కోడలు అప్పటికింకా మా ఇంటికి రాలేదు. వచ్చి ఉంటే చుట్టరికం కొద్దీ కాస్త దూరంగా కుమ్మరించేవాడేమో.

"ఏం డాక్టర్! మా కడుపు మీద కొడితె నీకేమొచ్చింది?" అని గేటు పట్టుకుని ఊపాడు.

డాక్టర్ సాబ్ లుంగీలో బయటికి వచ్చారు. కుప్పను చూశారు. వంగి ఒక కోడిని ఎత్తి, తోక కింద ఈకలు విడదీసి చూశారు.

"తెచ్చింది తెచ్చిండ్రు. జర నీడకు వెయ్యుండ్రి. ఎండకు పాడైతయి. కోసి చూడాలె" అన్నారు.

అక్కడే గడప మీద కూర్చుని కోయడం మొదలుపెట్టారు. నెత్తుటితో ఉబ్బిన పేగును వేలితో పైకెత్తి, "ఇది ఎవరి షెడ్డుది?" అని అడిగారు. ఇంకోటి కోశారు, అదే ప్రశ్న. గుంపు వెనక నుంచి ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ట్రాక్టరు, డ్రైవరు, చిల్పూరు మామ మిగిలారు.

"నీ షెడ్డుదైతె చెప్పే. మందు రాసిస్త. తిట్టుడు తర్వాతనన్న తిట్టొచ్చు" అన్నారు డాక్టర్ సాబ్.

చిల్పూరు మామ ఉమ్మేసి ట్రాక్టరు ఎక్కాడు. ఆ గడప కడిగినవాళ్లు ఆ గుంపులో ఒక్కరూ లేరు. డాక్టరమ్మ కడిగింది.

*

మా కోడలు వచ్చాక షెడ్డు ఆలోచన ఆమెదే. మా అబ్బాయితో భూపాలపల్లిలో ఒక గదిలో కొన్నాళ్లు ఉండి చూసింది. పగలల్లా తలుపు వేసుకుని కూర్చోవడం తన వల్ల కాదంది. నర్సింహులపేట దగ్గర మా చెలకలో, వరి మడుల నడుమ మిగిలిన మెట్ట చేనులో, షెడ్డు వేసింది. కంపెనీ పిల్లల్నీ దాణానూ ఇస్తుంది, మేం పెంచి అప్పజెప్పాలి. ఒప్పందం తేలికే, భయం తేలిక కాదు. వరసగా బ్యాచులు చెడితే కంపెనీ ఇక పిల్లలు దించదు. షెడ్డు మూసుకోవాలి. మూసుకుంటే ఆమె మళ్లీ ఆ గదికి పోవాలి.

మొదటి బ్యాచుకు చిల్పూరు మామ తోడు గంప తెచ్చాడు. మంగళహారతి ఒక్కటే తక్కువ. పిల్లలు కొన్నాళ్లు బంతుల్లా తిరిగాయి. నాలుగో వారం వచ్చేసరికి రెక్కలు వాల్చి మూలల్లో గుంపు కట్టాయి. ఊక మీద ఎర్రటి చుక్కలు. కంపెనీ సూపర్‌వైజరు గేటు దగ్గర బండి దిగకుండా హారన్ కొట్టి, "చలికి అట్లనే ఉంటదమ్మా. పరదాలు దించుండ్రి" అని వెళ్లిపోయాడు. పరదాలు దించాక గాలి ఆగి, ఊక ఇంకా చెమ్మగిల్లింది. చస్తున్న కోళ్లను ఏరుతూ కోడలు అన్నం మానేసింది. నేను డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేశాను.

ఆయన వచ్చి గడప బయటే చెప్పులు విడిచారు. ఒక షెడ్డులో తిరిగిన చెప్పులతో ఇంకో షెడ్డులోకి అడుగు పెట్టరు. "మీ షెడ్డు చెప్పులియ్యి బిడ్డా" అని కోడలి రబ్బరు చెప్పులు వేసుకున్నారు. సగం పాదం బయటే ఉంది. గుప్పెడు ఊక తీసి బిగించారు. పిడికిలి తెరిస్తే ఊక ముద్ద అలాగే ఉండిపోయింది. కోడిని కోశారు. అదే నెత్తురు, అదే ఉబ్బు. పరదాలెత్తించారు, తడి ఊక తీసి పారబోయించారు, నీళ్లలో కలిపే మందు రాశారు. సగం పైగా దక్కాయి. సగమైనా దక్కడం ఆ పరిస్థితిలో గొప్పే.

అప్పుడే చాయ్ తాగుతూ ఊక ఎక్కడిదని అడిగారు. గంప సంగతి విని తల ఊపారు.

"ఆయన షెడ్డు గుట్ట మీదున్నది. గాలి ఆడ్తది, ఊక పొడిగ ఉంటది. అక్కడ ఈ జబ్బు తల ఎత్తది. మీది వరి మడుల నడుమ, చెమ్మ నేల. అక్కడ పండుకున్నది ఇక్కడికొచ్చి లేస్తది. ఆయన చెయ్యి మంచిదే బిడ్డా. ఆ ఊకనే మంచిది కాదు. వచ్చేపాలి గంప వద్దను."

కోడలు తల దించుకుంది. "వద్దంటె మా అవ్వ నాతోని మాట్లాడది సారూ. ఆయన నా పెండ్లి చేసిన మేనమామ. ఎట్లంట?"

"నువ్వెందుకంటవ్? నేనన్నన్నని చెప్పు. డాక్టర్ ఒప్పుకుంటలేడు, దవాఖాన దిక్కు తొంగి చూడనియ్యనంటుండని చెప్పు. నన్నే తిడ్తడు. నీకు ఆయన చుట్టం. నాకేమైతడు?"

"మీకేం అక్కెర సారూ, ఊకెనే తిట్లు పడుడు?"

"నా గేటు ముందల కుప్పబోసిన్నాడే పడ్డ. గా తిట్లల్లనే ఇది కలిసిపోతది" అని నవ్వి గ్లాసు కింద పెట్టారు.

ఆ మాట ఆయన మా కోడలికి ఒక్కదానికే చెప్పలేదని తర్వాత తెలిసింది. గంప వద్దనలేక నలిగిపోతున్న ప్రతి ఇంట్లోనూ చెప్పారు. 'నా పేరు చెప్పి వద్దనుండ్రి' అని. ఊళ్లలో ఆయన పేరు అలా తిరగడం మొదలైంది. ముసలి డాక్టర్ మొండోడు, చాదస్తం, ఊకంటే పడదు, చుట్టాలంటే పడదు. అత్తగారు గంప తెస్తే కోడళ్లు ఆయన పేరు చెప్పారు, బావ తెస్తే బావమరుదులు చెప్పారు. తిట్లన్నీ తొర్రూరు చేరాయి, చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే నిలిచాయి. కొన్నాళ్లకు ఆయన పేరు వేరే అవసరాలకు కూడా అక్కరకొచ్చింది. పండక్కి కోడి ఉత్తగా అడిగే సర్పంచులకు, షెడ్డు చూస్తామని వచ్చే పెళ్లివారికి, అందరికీ ఒకటే జవాబు. డాక్టర్ సారు వద్దన్నడు. ఒక అమ్మాయి నచ్చని సంబంధాన్ని కూడా ఇలాగే తప్పించుకుందని మా కోడలు చెబితే డాక్టర్ సాబ్ పొట్ట పట్టుకుని నవ్వారు. "మంచిగైంది! గా పిలగాడు తడి ఊకనే అయ్యుంటడు" అన్నారు.

చిల్పూరు మామ మాత్రం నవ్వలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగేవాడు, "ఏం బావా, ఆ డాక్టర్ ఎన్నేండ్లుంటడు? పోయినంక తెస్త తియ్యి గంప." తమాషాకే అన్నాడని అప్పుడు అనుకున్నాను.

*

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు వాళ్లింటికి వెళ్లాను. వరండాలో గ్లాసులు అలాగే ఉన్నాయి, కానీ ఖాళీగా. కళ్లు సరిగా కనబడటం లేదన్నారు. వెళ్లొస్తానని చెయ్యి చాచితే నా చేతిని పిడికిట్లో పట్టుకుని గట్టిగా బిగించి వదిలారు. "ఇంక పొడిగనే ఉన్నవ్ సారూ. ఏం కాదు" అన్నారు. నేను ఆయన చేతిని అలా పట్టి చూడలేదు. చూసినా నాకేం తెలిసేది!

తొర్రూరులో సంతాప సభ పెట్టారు. పెట్టింది కోళ్ల రైతుల సంఘం. ఫ్లెక్సీ మీద డాక్టర్ సాబ్ ఫొటో చిన్నది, అధ్యక్షుడి ఫొటో పెద్దది. అధ్యక్షుడు మైకు పట్టుకుని, డాక్టర్ గారు నాకు సొంత అన్నలాంటివారు, మా సంఘానికి వెలుగు చూపినవారు అన్నాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి, ఆయన పరిశోధన మాకు గర్వకారణం అన్నాడు. ఏ బీరువాలో ఉందయ్యా ఆ గర్వకారణం అని అడగాలని లేచాను. సమయం లేదని కూర్చోబెట్టారు. ముందు వరసలో డాక్టరమ్మ ఫ్లెక్సీ వైపు కాకుండా నేల వైపు చూస్తూ కూర్చుంది. నేను పక్కకు వెళ్లి నిలబడితే నెమ్మదిగా అడిగింది.

"గేటు ముందల పోసింది ఇతనే గద సారూ?"

"ఇతనే అమ్మా."

"మంచిగ మాట్లాడుతున్నడు" అంది. అంతే.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ సభలో మాట్లాడనివ్వలేదు కాబట్టి.

*

పిల్లలు దిగే రోజు వచ్చింది. కొత్త ఊక పరిచాం. బయటి క్రిములు లోపలికి రాకుండా గడప దగ్గర అడ్డంగా వెడల్పాటి సున్నం గీత పోశాం. మా కోడలు పొద్దున్నుంచీ రోడ్డు వైపే చూస్తోంది. పిల్లల వ్యాను కోసం కాదు. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ముందటి బ్యాచ్ బరువు సరిగా రాలేదు. ఇదీ చెడితే ఇక పిల్లల్ని దించబోమని సూపర్‌వైజరు హారన్ కొట్టి మరీ చెప్పి వెళ్లాడు. మా అబ్బాయి ఫోన్లో, "పోనీ గంప తీస్కోరాదే, నాలుగు మూలలకు చల్లి ఊకో" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

వ్యాను వచ్చింది. పిల్లలన్నీ దించుకున్నాం. చివరి డబ్బా ఖాళీ అయ్యేసరికి చిల్పూరు మామ కారు వచ్చి ఆగింది. వెనక సీటులోంచి గంప దించాడు. పసుపు, కుంకుమ, పైన తెల్లటి గుడ్డ.

"ఏం బావా, మంచిగున్నవా? జరుగు జరుగు, టైం మంచిగున్నది" అంటూ నేరుగా గడప మీదికి వచ్చాడు.

కోడలు సున్నం గీతకు లోపలి వైపు నిలబడింది. పక్కకు తప్పుకోలేదు.

"మామా, వద్దు. డాక్టర్ సారు వద్దన్నడు" అంది అతనితో.

అతను ఆగి, నన్ను చూసి, ఆమెను చూసి నవ్వాడు. "పిచ్చిదానా! ఆయన పోయిండు గదనే. నేనే సభ పెట్టి దండేసొచ్చిన."

"పోయిండు మామా. వద్దన్నది పోలే."

"ఇగ ఎవరి పేరు చెప్తవ్? నీ పేరా?"

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "నువ్వే సభల చెప్పినవంట, వెలుగు చూపిండని. ఆ సారు మాట నేనింటె నీకు కోపమెందుకు మామా? కూసో, చాయ్ పెడ్త. గంప మాత్రం గీత దాటద్దు."

అతను గంపను అక్కడే, గీతకు మూరెడు దూరంలో దభీమని దించాడు. "ఉంటె ఉంచు, పారబోస్తె పారబొయ్యి. నా చెయ్యి నేను కడుక్కున్న. మీ అవ్వకు నువ్వే చెప్పుకో" అని కారెక్కాడు. చాయ్ తాగలేదు.

కోడలు పిల్లల దగ్గరికి పోతూ, "మామా, జర దాన్ని చూస్తుండు. చీకటి పడకముందే చెలక అంచుకు తీస్కపోయి కాలవెడదం. ఇప్పుడు లోపల పనున్నది" అంది నాతో.

కుర్చీ వేసుకుని గంపకు కాపలా కూర్చున్నాను. ఇంత వయసు వచ్చి, ఇన్ని పుస్తకాలు చదివి, పసుపు పూసిన ఒక ఊక గంపకు నేను భయపడుతున్నాను. ఇప్పటి నుంచి నాలుగో వారం దాకా రోజూ ఊక మీద ఎర్ర చుక్క కోసం వెతుకుతానని తెలుసు. ఆమె తన తల్లి ఫోన్ కోసం ఎదురుచూస్తుంది, అది రాదని కూడా తెలుసు. గాలి లేచినప్పుడల్లా గంప మీది గుడ్డ కదులుతోంది. ఊక రేగి లోపలికి పోతుందేమోనని లేచి గుడ్డ మీద రాయి పెట్టి వచ్చాను.

అంతలో పక్క చెలకవాళ్ల నాటుకోడి ఒకటి ఎక్కడి నుంచో వచ్చింది. గంప అంచు పొడిచింది. ఒక పక్కన గుడ్డ లాగి, కాళ్లతో ఊకను ఇటూ అటూ చిమ్మింది. ఆ కాళ్లతోనే తిన్నగా షెడ్డు గడప వైపు నడిచింది. నా మోకాళ్లు అంత తొందరగా లేవవు. చేతిలో కర్ర లేదు. నోట్లోంచి ఏ పదం వచ్చిందో అరిచాక గానీ నాకు తెలియలేదు.

"పో! డాక్టర్ సాబ్ వద్దన్నడు, పో!"

కోడి సున్నం గీత అంచున ఒక కాలు పైకెత్తి ఆగింది. తల పక్కకు వంచి నా వైపు చూసింది. ఎత్తిన కాలు కింద పెట్టలేదు.